మునిగితే అసలు, తేలితే నకిలీ

మా ఊరి మందిరంలో సిలువకి సైకిలు గొలుసు చుట్టి తాళం వేసిన ఆదివారం నాకు బాగా గుర్తు. ఆ రోజు పాడుతున్న పాటేమో సంకెళ్ళు తెగిపోయాయని. పాడేవాళ్ళ ఎదురుగా సిలువ కిటికీ ఊచలకి కట్టేసి ఉంది. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని వంగి కూర్చుంటే, నేనేదో కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నాననుకుని పక్కనున్నావిడ పాపం వీపు నిమిరింది.

ఈ గొడవంతా మా నాన్న వల్ల వచ్చింది. ఆ మాటకొస్తే మా ఇంట్లో ఏ గొడవైనా నాన్న తెస్తాడు, అమ్మ సర్దుతుంది, మధ్యలో నేను అరుస్తాను. నాన్న వడ్రంగి. చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు గాని నోటికి మాత్రం విశ్రాంతి ఇవ్వలేదు. మా ఊరు కంకిపాడు దాటాక కాలవ పక్కన ఉంటుంది. నేను పటమటలో జాకెట్లు కుట్టే షాపు పెట్టుకుని అక్కడే ఉంటున్నాను. ఆదివారం మాత్రం పొద్దున్నే స్కూటీ మీద ఊరికి పోయి, ఆరాధన అయ్యాక అమ్మ వండింది తిని, నాన్నతో ఒక పోట్లాట పెట్టుకుని, సాయంత్రానికి ఇల్లు చేరతాను.

ఇక సిలువ సంగతి. పెళ్ళయిన కొత్తలో నాన్న పని వెతుక్కుంటూ కడప వైపు పోయాడు. అక్కడో రైతు పాత పశువుల కొట్టం పడగొట్టి కొత్తది కట్టిస్తున్నాడు. ఆ పాత కొట్టానికి పాతిన గుంజలు ఎర్రచందనానివి. మీరు నోరు వెళ్ళబెట్టకండి. ఒకప్పుడు ఆ వైపు ఊళ్ళలో అదేమంత వింత కాదట. చెద పట్టదు, వానకి పుచ్చదు అని గుంజలకీ, బండికీ, నాగలికీ ఆ కర్రే వాడేవాళ్ళు. పనితనం నచ్చి ఆ రైతు ఒక గుంజ ముక్క ఇస్తే, నాన్న దాన్ని భుజాన వేసుకుని బస్సులు మారుతూ ఊరికి తెచ్చాడు. దారిలో కండక్టరు ఎత్తి చూసి, "కర్రా ఇది, ఇనపముక్కా?" అన్నాడట. ఆ మాట వినని మనిషి మా ఊళ్ళో లేడు. అప్పటి పాస్టరుగారు మందిరానికి సిలువ కావాలంటే నాన్న ఆ చందనంతో చేసిచ్చాడు. ఆ రోజు నుంచీ ఆయన ఊరికి చందనం మేస్త్రి.

ఆ సిలువ గోడ మీద ఊరికే వేలాడలేదు, ఊరంతటికీ చాకిరీ చేసింది. పిల్లలకి గవదబిళ్ళలొచ్చినా, సెగ్గడ్డలు లేచినా ఆడవాళ్ళు సానరాయి పట్టుకుని మందిరానికి పోయేవాళ్ళు. సిలువని కొక్కెం నుంచి దించి, రాయి మీద నాలుగు చుక్కలు నీళ్ళు జల్లి, కింది కొస అరగదీసి, ఎర్రటి గంధం తమలపాకులో పట్టుకుపోయేవాళ్ళు. కింది కొస తడిగా ఉంటే అడ్డకర్ర కొస అరగదీసేవాళ్ళు. నాకు గవదబిళ్ళలొచ్చినప్పుడు అమ్మ రెండు చెంపలకీ పట్టించి అరుగు మీద కూర్చోబెట్టింది. దారిన పోయే ప్రతివాడూ ఆగి, "ఏవే అమ్మాయ్, పెళ్ళికూతురివయ్యావా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలా తరాల పిల్లల చెంపలకి అరిగి అరిగి సిలువ పొట్టిదైపోయింది. సున్నం వేసేవాళ్ళు బద్ధకించి ప్రతిసారీ సిలువని దించకుండా, మొదట వదిలిన గీత చుట్టూనే వేసేవాళ్ళు. అందుకని దాని కాలి కింద, ఒకప్పుడు అది ఉన్న చోట, గోడ మీద జానెడు మేర పాత రంగు అచ్చు మిగిలింది.

పోయినేడాది ఒక పెళ్ళికి వీడియో తీయడానికి వచ్చిన కుర్రాడు ఆ సిలువ ముందు నిలబడి ఫోన్లో ఏదో వాగి నెట్లో పెట్టాడు. కోట్లు విలువ చేసే ఎర్రచందనం సిలువ, మారుమూల ఊరు, కాపలా కూడా లేదు అని. ఇంకేముంది! ఎన్నడూ చూడని మొహాలు మా మందిరానికి ప్రార్థనకి రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకునేవాళ్ళు కారు. ఒకాయన తెల్లకారులో దిగి పాస్టరుగారికి వందనాలు చెప్పి, "అయ్యగారూ, సిలువ కొత్తది చేయిస్తాం, పాతది మాకిచ్చేయండి" అన్నాడు. మా పాస్టరుగారు బెజవాడ నుంచి కొత్తగా వచ్చిన చిన్నవాడు. ఆయనకి చెమటలు పట్టాయి. సైకిలు గొలుసు ఆయన ఆలోచనే.

దొంగల భయం ఒకటైతే సర్కారు భయం ఇంకోటి. ఆ చెట్టు శేషాచలం కొండల్లో, ఆ చుట్టుపక్కలా తప్ప పెరగదు. కొట్టకూడదు, కొనకూడదు, కాగితం లేకుండా ఇంట్లో పెట్టుకోకూడదు. సముద్రాలు దాటించి చైనాలో మంచాలు, కుర్చీలు చేసుకుంటారట. జపానులో వాయిద్యాలు చేసి వాయించుకుంటారట. మా నాన్న దగ్గర కాగితం ఎక్కడిది? పశువుల కొట్టం గుంజకి రసీదు రాసిచ్చేదెవరు?

సంఘపెద్ద మీటింగు పెట్టాడు. ఆయన వియ్యంకుడు అడవి శాఖలో చేసి రిటైరై ఇబ్రహీంపట్నంలో ఉంటున్నాడు. ఆయన్ని పిలిపించి చూపిద్దాం, అసలుదైతే ఆఫీసుకి అప్పగిద్దాం, నకిలీదైతే గొలుసు తీసేసి నిశ్చింతగా ఉందాం అని తీర్మానించారు. వినడానికి బాగానే ఉంది. కాని మా ఇంటికొచ్చేసరికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అసలుదైతే సిలువ పోతుంది, ఈ వయసులో నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగి జవాబు చెప్పుకోవాలి. నకిలీదైతే ఇన్నేళ్ళ చందనం మేస్త్రి అబద్ధాలకోరు అవుతాడు.

ఫారెస్టాయన ఒక ఆదివారం ఆరాధన అయ్యేవేళకి వచ్చాడు. చేతిలో భూతద్దం, జేబులో చాకు. గొలుసు విప్పించి సిలువని బల్ల మీద పడుకోబెట్టారు. జనం బెంచీలెక్కి చూస్తున్నారు. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"చందనం వాసన రావట్లేదా అండీ?" అని ముందు వరసలో ఉండే ముసలమ్మగారు అడిగింది. ఆవిడ ప్రతి క్రిస్మసుకీ సాక్ష్యం చెబుతుంది, సిలువ నుంచి పరిమళం వచ్చి తన మోకాళ్ళ నొప్పులు పోయాయని.

"వాసనొస్తే ఇది ఎర్రచందనం కాదమ్మా" అన్నాడాయన. "గంధం చెక్క వేరు, ఇది వేరు. దీనికి వాసనుండదు."

బెంచీలెక్కినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పరిమళం మీద సగం ఊరు సాక్ష్యాలు చెప్పింది మరి. చివరికి ముసలమ్మగారే తేరుకుని, "నాకూ ఈ మధ్య రావట్లేదులే నాయనా, జలుబు" అంది.

తరవాత ఆయన, ఈ చెక్క రంగు నీళ్ళలో సరిగా దిగదు, స్పిరిట్లో దిగుతుంది అన్నాడు. స్పిరిట్ ఎక్కడిది? కరోనా నాటి శానిటైజరు బుడ్డి ఒకటి కానుకల పెట్టె వెనక దొరికింది. దూదికి పోసి నిలువు కర్ర మీద రుద్దాడు, ఎర్రగా వచ్చింది. అడ్డకర్ర మీద రుద్దాడు, అక్కడా ఎర్రగానే వచ్చింది. నాన్న మీసం దువ్వుకున్నాడు. కాని సంఘపెద్ద ఒప్పుకోలేదు. క్రిస్మసుకి మా ఆవిడ దీనికి రంగేసింది, ఆ ఎరుపు రంగు డబ్బాది అయుండొచ్చు అని అడ్డం పడ్డాడు.

"అయితే ఒకటే దారి" అన్నాడు ఫారెస్టాయన. "నీళ్ళలో వేద్దాం. మామూలు కర్ర తేలుద్ది. ఇది మునుగుద్ది. మునిగితే అసలు, తేలితే నకిలీ."

అంత సిలువ మునగడానికి నీళ్ళెక్కడ? కాలవలో వేస్తే కొట్టుకుపోతుంది. బకెట్లో పట్టదు. అప్పుడు పాస్టరుగారు నెమ్మదిగా, "మన బాప్తిస్మం తొట్టి ఉంది కదండీ" అన్నారు. మందిరం వెనక నడుంలోతు సిమెంటు తొట్టి. లోకంలో ఎవరికైనా తడుతుందా ఆ ఆలోచన? సిలువకి బాప్తిస్మం! తొట్టి నిండాలంటే మోటారు చాలాసేపు ఆడాలి. భోజనాలు చేసి రమ్మని అందరినీ పంపించేశారు.

ఇంటికొచ్చాక నేను నాన్న మీద పడ్డాను. "నీకు దణ్ణం పెడతాను నాన్నా. నాకేం తెలీదు, ఎవరో ఇచ్చిన కర్ర, ఏం కర్రో నాకు తెలీదు అని చెప్పేసెయ్. అంతటితో పోద్ది."

"ఏం కర్రో తెలీనోణ్ణి వడ్రంగినెట్టా అయ్యానే?" అన్నాడు నాన్న. "చూస్తూ ఉండు, మునుగుద్ది."

"మునిగితే పట్టుకుపోతారు! సిలువనే కాదు, నిన్ను కూడా!"

"పట్టుకుపోనీ. ఆఫీసుకెళ్తే ఏవంటారు? అసలైన చందనం మేస్త్రీ అంటారు. ఇక్కడ నకిలీ అనిపించుకుని ఈ వీధిలో ఎట్టా తిరగమంటావ్? ఈ చేతులతో ఇంక పని లేదమ్మాయ్. నాకు మిగిలింది ఆ మాటొక్కటే." అంటూ ముద్ద కలపబోయాడు. చెయ్యి వణికి మెతుకులు కంచం బయట పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది, అందుకని లేచి పెరట్లోకి పోయి బిందె మీద నా ప్రతాపం చూపించాను.

పప్పు వడ్డిస్తున్న అమ్మ మాత్రం, "మునగదులెండి" అంది మెల్లగా.

"నువ్వూరుకోవే!" అని గసిరాడు నాన్న. గసరడమైతే గసిరాడు గాని ఆవిడ మొహం చూడలేదు. నేను కిటికీలోంచి చూశాను. మా నాన్న అమ్మ మొహం చూడకుండా అన్నం తినడం అదే మొదలు.

మా అమ్మ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. అమ్మది పెడన వైపు, మగ్గాల ఇల్లు. బొట్టూ కాటుకా మానుకుని ఒక కిరస్తానీ వడ్రంగిని చేసుకున్నందుకు పుట్టింటి నుంచి ఆవిడకి చీర కాదు గదా, మంచీచెడ్డల కబురు కూడా రాలేదు. తాత పోయాక మగ్గం విప్పేశారట. ఒకరోజు మా పెద్దమామయ్య, నేసిన గుడ్డ చుట్టుకునే టేకు కర్ర ఒకటి సైకిలు మీద తెచ్చి మా గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండా, మంచినీళ్ళు తాగకుండా వెళ్ళిపోయాడట. ఆ కర్ర ఎక్కడుందని చిన్నప్పుడు అడిగితే, "ఉందిలే, మంచి చోటే ఉంది" అనేది. అటక మీద ఉందనుకునేదాన్ని. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రార్థనప్పుడు మా అమ్మ కళ్ళు మూసుకోదు. సిలువ వైపే చూస్తూ కూర్చుంటుంది. అది ఆవిడ భక్తి అనుకునేదాన్ని.

తొట్టి నిండేసరికి ఊరు ఊరంతా వచ్చింది. మందిరం మొహం ఎరగనివాళ్ళు కూడా గోడెక్కి కూర్చున్నారు. ఇలాంటి వాటి వాసన పసిగట్టే ఐస్‌బండివాడు ఎలాగూ వచ్చేశాడు. మునుగుద్దని కొందరు, తేలుద్దని కొందరు పందేలు కూడా వేసుకున్నారు. పాస్టరుగారు కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, నీ చిత్తమైతే మునగనీ, నీ చిత్తమైతే తేలనీ, మమ్మల్ని మాత్రం కేసుల్లో పడకుండా కాపాడు" అని ప్రార్థించారు. ఆ ఆమేన్ మా ఊళ్ళో ఎన్నడూ వినబడనంత గట్టిగా వినబడింది.

సిలువని ఎవరు దించాలని తర్జనభర్జన పడుతుంటే నాన్న పంచె ఎగ్గట్టి ముందుకొచ్చాడు. "నేను చేసింది, నేనే వేస్తా" అన్నాడు. వణికే చేతులతో మెట్టు మీద కూర్చుని, కాలి కొస ముందుగా నీళ్ళలోకి వదిలాడు. సిలువ నిలువునా దిగిపోయింది. నీళ్ళు దాని నెత్తి మీదుగా మూసుకున్నాయి. "మునిగింది!" అని కేక లేచింది. నాన్న మొహం చూడాలి! అరెస్టు కాబోయే మనిషి మొహంలా లేదు, పెళ్ళికొడుకు మొహంలా ఉంది.

ఆ కేక ఆగకముందే సిలువ నీళ్ళలోంచి మెల్లగా పైకొచ్చింది. వచ్చి అడ్డంగా పడుకుని తేలలేదు. నిలబడింది. నిలువు మొత్తం నీళ్ళలో, అడ్డకర్ర నీటి మట్టానికి, తల ఒక్కటి బెత్తెడు పైకి. ఎవరో మనిషి తొట్టిలో దిగి చేతులు చాపుకుని నిలబడ్డట్టు, అటూ ఇటూ కొద్దిగా ఊగుతూ ఉండిపోయింది.

ముసలమ్మగారు మోకాళ్ళ మీద పడింది. ఆవిడ వెనక ఇంకో పదిమంది పడ్డారు. పందెం వేసినవాళ్ళు మాత్రం పడలేదు.

"మునిగింది! ముప్పాతిక నీళ్ళలోనే ఉందిగా!"

"ఎక్కడ మునిగింది? చేతులు పైనున్నాయ్, కళ్ళు కనబళ్ళేదా?"

"ఏమండీ, ఏవని రాసుకోమంటారు?" అని సంఘపెద్ద వియ్యంకుణ్ణి అడిగాడు. ఫారెస్టాయన పాంటు మడిచి తొట్టిలో దిగాడు. వేలితో సిలువ తల మీద నొక్కాడు. మునిగింది. వేలు తీశాడు. లేచి నిలబడింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది. "నా సర్వీసులో మునిగే కర్ర చూశాను, తేలే కర్ర చూశాను. ఇట్టా నిలబడేది చూళ్ళేదు" అన్నాడు.

"అద్భుతం!" అన్నారు పాస్టరుగారు, ఆ మాట ఆయనకి బాగా కలిసొచ్చినట్టు. నిజమే మరి, అద్భుతం మీద కేసు పెట్టేదెవరు? ఊరు ఊరంతా ఆ మాట అందుకుంది. అక్కడితో ఆగిపోతే నాన్న పరువూ మిగిలేది, సిలువా మిగిలేది. "ఇంక ఇంటికి పోదాం పద నాన్నా" అని చెయ్యి పట్టుకున్నాను.

నాన్న కదల్లేదు. నీళ్ళలో ఊగుతున్న సిలువని చూశాడు. తరవాత గోడ దగ్గర నిలబడ్డ అమ్మని చూశాడు. అమ్మ కొంగు సర్దుకుంది.

"అద్భుతం కాదండీ అయ్యగారూ" అన్నాడు నాన్న, అందరికీ వినబడేలా. "నా దగ్గరున్న చందనం ముక్క నిలువుకే సరిపోయింది. అడ్డకర్ర చందనం కాదు. టేకు. మా ఆవిడ పుట్టింటి మగ్గం కర్ర. చందనం పొట్టు స్పిరిట్లో నానేసి ఆ రంగు నేనే పూశా."

గోడెక్కి కూర్చున్నవాళ్ళు కూడా కిందికి దూకి దగ్గరకొచ్చారు.

"మరి అంతా చందనమని చెప్పావేంటయ్యా ఇన్నాళ్ళూ?" అన్నాడు సంఘపెద్ద.

"పూజలందుకున్న మగ్గం కర్ర అంటే అప్పటి పెద్దలు ఊరుకునేవాళ్ళు కాదు, అదొకటి." నాన్న తల వంచుకున్నాడు. "చందనం మేస్త్రీ అని మీరంతా పిలుస్తుంటే బాగుంది. అదొకటి."

నేను నాన్నని చాలాసార్లు తిట్టాను గాని ఆయన తల వంచడం ఎప్పుడూ చూడలేదు. ఎవరైనా ఒక్క మాటంటే మీద పడి రక్కేద్దామని చుట్టూ చూశాను. ఎవరూ అనలేదు. ముందుగా తేరుకుంది మళ్ళీ ముసలమ్మగారే. "నాకు తెలుసు. వాసన నిలువు నుంచే వచ్చేది" అంది.

వెనక నుంచి ఒకావిడ, "అమ్మో, మా చంటోడి సెగ్గడ్డకి నేను అడ్డకర్రే అరగదీశాను! మరి తగ్గిందే!" అంది.

"తగ్గక ఏం చేస్తదమ్మా" అంది మా అమ్మ. అంతమందిలో ఆవిడ నోరు విప్పడం అదే మొదలు. "దీని గవదబిళ్ళలకి నేను పెట్టిందీ అదే" అని నన్ను చూపించింది. అందరూ గొల్లుమన్నారు. ఎన్నేళ్ళయిందో, నా చెంపలు మళ్ళీ ఎర్రబడ్డాయి.

ఫారెస్టాయన తొట్టిలోంచి బయటికొచ్చి, తాను రిటైరైన మనిషినని, ఆఫీసుకి ఉన్నదున్నట్టు చెప్పి ఏం చెయ్యమంటే అది చెయ్యమని సలహా ఇచ్చి, వియ్యంకుడింటికి కాఫీకి పోయాడు. పాస్టరుగారు ఆ పని మర్నాడే చేశారు. మేం ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉన్నాం.

జనం పల్చబడ్డాక నాన్న సిలువని నీళ్ళలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉలి పట్టుకురమ్మని నాకు చెప్పాడు. రెండు కర్రలూ కలిసే చోట ఉన్న చెక్క మేకు కొట్టేస్తే విడిపోతాయి. "ఆఫీసోళ్ళకి నిలువు ఇచ్చేద్దాం, అది నా తప్పు" అన్నాడు. "నీ పుట్టింటి కర్ర నువ్వు తెచ్చుకో. ఇన్నాళ్ళూ నా పేరు మీద ఉంది, ఇంక చాలు."

నేను ఉలి కోసం లేవబోతే అమ్మ నా భుజం మీద చెయ్యేసి ఆపింది. మెట్టు దిగి నాన్న పక్కన కూర్చుంది. కొంగుతో అడ్డకర్ర తడి తుడిచింది, ఆ తరవాత నిలువు కూడా తుడిచింది.

"విడదీయకండి" అంది. "మీదొక్కటే అయితే ఇందాకే అడుక్కి పోయేది."